పాదం మాట వినకండి

కాటారం చౌరస్తాలో వరంగల్ బస్సెక్కి స్నీకర్లు కొనబోయేవాళ్లు తొలి బస్సే పట్టుకోవాలి. పొద్దున పాదం సన్నగా ఉంటుంది. సాయంత్రానికి నడిచీ నిలబడీ ఉబ్బుతుంది. అప్పుడు కొంటే పెద్ద సైజు అంటగడతారు. బొటనవేలి ముందు కాస్త జాగా ఉండాలన్న మాట చెవిన పెట్టొద్దు. ఆ ఖాళీకీ డబ్బు కడుతున్నాం కదా, వేళ్లతో నింపండి. ఇరుకనిపిస్తే "వాడంగ వాడంగ వదులైతయన్నా" అంటాడు షాపాయన. నిజమే. వదులయ్యేది జోడో, కాలిగోరో ఆయన చెప్పడు, మీరూ అడగొద్దు.

కాన్వర్స్ ఆల్ స్టార్ 1917 నాటిది, బాస్కెట్‌బాల్ కోసం పుట్టింది. చదునైన పలచటి సోలు. కింద గులకరాయి పడితే దాని ఆకారం కూడా పాదానికి తెలుస్తుంది. కాళేశ్వరంలో గోదావరి ఒడ్డున ఇదెంతో మేలు, చూపు సెల్ఫీ మీదే పెట్టి నడవొచ్చు. 1982లో వచ్చిన నైకీ ఎయిర్ ఫోర్స్ 1 సోలులో గాలి ఉంది కనుక మే నెల ఎండలోనైనా వేళ్లకు వేరే గాలి అక్కర్లేదు.

నా ఓటు అడిడాస్ స్టాన్ స్మిత్‌కే. 1960ల్లో ఫ్రెంచ్ టెన్నిస్ ఆటగాడు రాబర్ట్ హైలెట్ పేరుతో మొదలై, తర్వాత అమెరికా ఆటగాడు స్మిత్ పేరుకు మారింది. మనిషే మారాడు, జోడు అదే. అంతటిది మీ చిటికెనవేలి కోసం మారుతుందా?

రంగు తెలుపే. వానాకాలం పత్తిచేనుకు పోవాల్సొస్తే షూస్ చేత పట్టుకుని ఉత్తకాళ్లతో దిగండి. రేగడి కాళ్లకంటితే కడుక్కోవచ్చు.

ఇక మేడారం. రెండేళ్లకోసారి వచ్చే జాతర, కొత్త జోడు చూపించుకోవడానికి అంతకంటే జనం ఎక్కడ దొరుకుతారు? జంపన్నవాగు దగ్గర ఎలాగూ విప్పాలి. స్నానమై, దర్శనమై వచ్చాక ఉబ్బిన పాదం అందులో దూరదు. కంగారొద్దు. సంచిలో దాచిన రబ్బరు చెప్పులు తొడుక్కుని, లేసులు ముడేసి షూస్‌ను మెడలో వేసుకోండి. కాళ్లకున్నప్పటికంటే బాగా కనబడతాయి. చెప్పుల దండ అనుకుని నవ్వేవాళ్లుంటారు, బ్రాండ్ పేరు బయటికి తిప్పుకోండి.