అడ్డమంతా ఆ మైకే!

దేశం ఎందుకు వెనకబడిందో మరోసారి తేలిపోయింది. పెట్టుబడుల సదస్సు జరిగిన ప్రతిసారీ అది తేలుతూనే ఉంటుంది. నిధులు సకాలంలో రాకపోవడం వల్ల కాదట, అంచనాలను ఏటా సవరించడం వల్ల కాదట, ఒక శాఖ ఫైలు ఇంకో శాఖ బల్ల మీద నిద్రపోవడం వల్ల అసలే కాదట. శ్రీరాంపూర్‌లోనో, ఇందారంలోనో, గోదావరిఖనిలోనో కొత్త ఓపెన్‌కాస్టు వచ్చే ముందు కాలుష్య నియంత్రణ మండలి ఒక షామియానా వేయించి, దాని కింద ఒక మైకు పెట్టిస్తుంది. ఓ రైతో, రిటైరైన బాయి కార్మికుడో ముందుకొచ్చి "బ్లాస్టింగులకు గోడలు పగులుతున్నయి సారూ, బోర్లు ఎండిపోయినయి" అని రెండు నిమిషాలు మాట్లాడతాడు. ప్రగతి ఆగిపోయేది సరిగ్గా అక్కడేనట. ఆ మైకు వైరు పీకేస్తే చాలు, బొగ్గు తనంతట తానే పైకొస్తుంది, పట్టాలు వాటంతట అవే పరుచుకుంటాయి, ఆనకట్టలు సగం ఖర్చుకే లేస్తాయి. త్వరగా, చవకగా కట్టాలన్న కోరికను తప్పుపట్టలేం. ఆలస్యానికి మూల్యం చెల్లించేదీ చివరికి జనమే. నవ్వొచ్చేది ఆ కోరిక తీరడానికి మనకు చెబుతున్న ఉపాయం చూసే.

ఇంతకీ ఆ మైకు తినే కాలమెంత? 2006 సెప్టెంబర్ 14 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు 30 రోజుల ముందు నోటీసివ్వాలి, మొత్తం తంతు 45 రోజుల్లో ముగించాలి. సభ మటుకు ఒక పూట పని. ఆ తర్వాత నిపుణుల కమిటీ పరిశీలనకు 60 రోజులు, మంత్రిత్వ శాఖ నిర్ణయానికి 45 రోజులు. ఈ గడువులు దాటుతున్నది జనం కాదు, ఆఫీసులు. అయినా 2020లో సంస్కరణ పేరుతో ముసాయిదా తెచ్చినప్పుడు కత్తెర పడింది ఎక్కడ? నోటీసు 30 రోజులు కాస్తా 20 రోజులైంది, 45 రోజుల తంతు 40 అయింది. అంటే దేశాన్ని పరుగెత్తించడానికి దొరికిన పొదుపు అక్షరాలా ఐదు రోజులు.

ఆ ఐదు రోజుల విలువ తెలియాలంటే మన పక్కనున్న పెద్దపల్లి–నిజామాబాద్ రైలు మార్గాన్ని చూడాలి. పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉండగా 1993లో మొదలైంది. కరీంనగర్ దాకా ఒకసారి, జగిత్యాల దాకా ఇంకోసారి, అలా ముక్కలు ముక్కలుగా సాగి 2017లో పూర్తయింది. దాదాపు 180 కిలోమీటర్లకు 24 ఏళ్లు. ఏ ఊరి మైకు అడ్డుపడింది దీనికి? ఏదీ లేదు. 2006 నోటిఫికేషన్ కింద రైల్వే లైన్లకు పర్యావరణ అనుమతే అక్కర్లేదు కాబట్టి ఆ సభలూ లేవు, ఆ షామియానాలూ లేవు. బడ్జెట్‌లో ఏటా చెయ్యి విదిలించినట్టు పడిన నిధులు ఉన్నాయి, భూమి అప్పగింతల్లో సాగదీతలు ఉన్నాయి, అంతే. పోనీ, సంస్కర్తల మాట ప్రకారం ఆ ఐదు రోజులు ఇందులోంచి తీసేద్దామన్నా తీసేందుకు అవి ఇందులో లేవు! అనుమతుల గోల లేకుంటే పనులు ఎంత చకచకా సాగుతాయో చూపించే మచ్చుతునక మన ఇంటి పక్కనే ఉంది. ఆ సదస్సులకు వెళ్లేవాళ్లు ఎప్పుడూ ఈ రైలెక్కినట్టు లేరు.

ఇక వేగానికి నిలువెత్తు నిదర్శనం కోసం గోదావరి వెంట దిగువకు వెళ్దాం. కాళేశ్వరం ఎత్తిపోతలకు 2016 మే 2న శంకుస్థాపన, 2019 జూన్ 21న ప్రారంభోత్సవం. సుందిళ్ల, అన్నారం, మేడిగడ్డ, మూడు బ్యారేజీలు మూడేళ్లలో. ఆలస్యమే శత్రువు అనేవాళ్లు గుండెల మీద రాసుకోవాల్సిన ప్రాజెక్టు ఇది. డిస్కవరీ ఛానల్ సైతం దీని మీద డాక్యుమెంటరీ ప్రసారం చేసింది. పర్యావరణ అనుమతి మాత్రం పని మొదలైన ఏడాదిన్నరకు, 2017 డిసెంబర్‌లో వచ్చింది. అప్పటిదాకా చేసింది ప్రధానంగా తాగునీటి పని, సాగునీరు దాని వెంట వచ్చేదే అని ప్రభుత్వం వాదించింది. లక్షల ఎకరాల కొత్త ఆయకట్టు దాహంతో గొంతు తడుపుకుంటుందని కాబోలు. జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆ వాదన ఒప్పుకోలేదు. పని చాలా భాగం జరిగిపోయాక అనుమతి ఇవ్వడం చట్ట ఉల్లంఘనేనని 2020 అక్టోబర్‌లో తేల్చింది. అప్పటికి నీళ్లు ఎత్తడం కూడా మొదలైంది కనుక ఆ తీర్పు చదువుకోవడానికి మాత్రమే పనికొచ్చింది.

తర్వాత కథ ఈ కోల్‌బెల్ట్‌లో ఎవరినడిగినా చెబుతారు. 2022 జూలై వరదలో కన్నెపల్లి, అన్నారం పంప్‌హౌస్‌లు మునిగాయి. నీళ్లు ఎత్తిపోయాల్సిన మోటార్లనే నీళ్లలోంచి ఎత్తాల్సి వచ్చింది. బ్యాక్‌వాటర్ చెన్నూరు, కోటపల్లి వైపు చేలల్లోకి వచ్చింది. 2023 అక్టోబర్ 21న మేడిగడ్డ ఏడో బ్లాకులో పియర్లు కుంగాయి. ప్లానింగ్, డిజైన్, నాణ్యత నియంత్రణ, నిర్వహణ అన్నింటిలోనూ లోపాలున్నాయని జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ చెప్పింది. త్వరగా కట్టాం సరే, చవకగానైనా కట్టామా? కేంద్ర జలసంఘానికి చూపిన 81,911 కోట్ల అంచనా 1,47,427 కోట్లు దాటవచ్చని కాగ్ లెక్కగట్టింది. రూపాయి పెడితే రూపాయిన్నర లాభమన్నది నిజానికి 52 పైసలేనంది. భూగర్భ పరీక్షలకు, నమూనా అధ్యయనాలకు, ఒడ్డున ఉన్న ఊళ్ల మాటకు ఇంకో ఏడాది ఇచ్చి ఉంటే అది ఆలస్యం అనిపించుకునేది. ఇప్పుడు కుంగిన బ్యారేజీలో నీళ్లు నిలపకుండా ఏళ్లు గడుస్తుంటే దాన్ని ఆలస్యం అనకూడదు, మరమ్మతు అనాలి.

దీన్ని ఒక ప్రభుత్వానికే అంటగడితే మిగతావాళ్లకు అన్యాయం చేసినట్టవుతుంది. అనుమతి లేకుండా పని మొదలుపెట్టినవాళ్లకు వెనకటి తేదీల లోటు పూడ్చే దారిని 2017 మార్చిలో కేంద్రమే తెరిచింది. పెళ్లయి పిల్లలు పుట్టాక జాతకాలు చూడటం లాంటిది ఇది. కలవలేదని తేలినా చేసేదేముంది? సుప్రీంకోర్టు 2025 మే 16న ఈ పద్ధతిని కొట్టేసింది. అదే ఏడాది నవంబర్ 18న ముగ్గురిలో ఇద్దరు న్యాయమూర్తుల మెజారిటీతో ఆ తీర్పును వెనక్కి తీసుకుంది. ఇప్పటికే కట్టినవి కూల్చాల్సి వస్తే వేల కోట్ల ప్రజాధనం పోతుందన్నది మెజారిటీ చెప్పిన కారణాల్లో ఒకటి. ఎంత ఎక్కువ కట్టేస్తే అంత భద్రం అన్న పాఠం కాంట్రాక్టర్లకు ఎవరూ విడిగా చెప్పనక్కర్లేదు.

"నైనీ సంగతేంటి మరి?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. ఒడిశాలోని అంగుల్ జిల్లా నైనీ బ్లాకును 2015లో సింగరేణికి కేటాయిస్తే తొలి బొగ్గు 2025 ఏప్రిల్‌లో వచ్చింది. ఏటా కోటి టన్నులు తీయగల గని పదేళ్లు కాగితం మీదే ఉంది. అనుమతుల వ్యవస్థ కుంటుతోందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. కానీ అది ఎక్కడ కుంటిందో చూడాలి. అటవీ అనుమతి చేతికొచ్చాక కూడా ఆ భూమి అప్పగింత భువనేశ్వర్‌లో ఆగింది. 2024లో మన ఉపముఖ్యమంత్రి వెళ్లి ఒడిశా ముఖ్యమంత్రిని కలిశాక కదిలింది. ఒక ప్రభుత్వ సంస్థకు ఇంకో ప్రభుత్వం భూమి ఇవ్వడానికి ముఖ్యమంత్రి స్థాయి మర్యాదలు కావాల్సివస్తే, సంస్కరించాల్సింది గ్రామసభనా, సచివాలయాన్నా? జర్మనీని చూడండి, 2022లో గ్యాస్ టెర్మినల్‌ను ఏడాది లోపే కట్టింది, పర్యావరణ మదింపు పక్కనపెట్టి మరీ కట్టింది అని ఇంకో ఉదాహరణ తెస్తారు. అదీ నిజమే. కాకపోతే యుద్ధంతో గ్యాస్ ఆగిన వేళ ఆ మినహాయింపును పార్లమెంటులో చట్టం చేసి, ఏయే చోట్లకో జాబితా రాసి మరీ ఇచ్చారు. మన దగ్గర బొగ్గు గనులు విస్తరణను 40 శాతం నుంచి 50 శాతానికి మళ్లీ ప్రజాభిప్రాయ సేకరణ లేకుండానే పెంచుకోవచ్చని 2022 మేలో ఒక ఆఫీసు మెమో సరిపోయింది. దాని మీద ఏ సభలోనూ ఓటింగ్ జరగలేదు.

ఇంకో అభ్యంతరం కాస్త పదునైనది. ఈ సభలు వట్టి నాటకం, పోలీసుల మధ్య జరుగుతాయి, నాయకులు ఉద్యోగాల కోసం బేరమాడతారు, అలాంటప్పుడు ఉంటే ఎంత, పోతే ఎంత? నాటకమన్నది ఒప్పుకోవాల్సిందే. కానీ స్క్రిప్టు రాసిందెవరు? గని హద్దులు, తవ్విపోసే మట్టి (ఓబీ) కుప్పల చోటు, వాగు మళ్లింపు అన్నీ ఖరారయ్యాక ఊరిని పిలుస్తారు. వందల పేజీల నివేదిక ఇంగ్లిషులో, పది పేజీల సారాంశం తెలుగులో. నివేదిక రాసే కన్సల్టెంట్‌కు ఫీజిచ్చేది గని యాజమాన్యమే. మహారాష్ట్రలో ఒక బాక్సైట్ గని నివేదికలోకి రష్యా గని వివరాలు ఎక్కిన ఘనత కూడా ఈ పద్ధతిదే. అయినా ఈ సభల్లో దొరికే సమాచారం తక్కువదేం కాదు. ఇక్కడి ఓపెన్‌కాస్టులు చాలావరకు పాత భూగర్భ గనుల మీదే తవ్వుతున్నారు. ఏ గ్యాలరీలో నీరు నిలిచి ఉందో, ఏ వీధి కింద ఎక్కడిదాకా తవ్వారో అందులో పనిచేసినవాళ్లకు తెలుసు. 2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి పాత పనుల నీరు దూసుకొచ్చి 17 మంది పోయారు. కింద ఏముందో తెలియకపోవడం ఈ నేలలో ఎంత ఖరీదో ఆ ఒక్క లెక్క చెబుతుంది. మంచిర్యాలలో గోదావరి ఒడ్డున కట్టిన మాతా శిశు ఆసుపత్రి 2022 వరదలో మునిగి బాలింతలను తరలించాల్సి వచ్చింది. నది ఎంత దూరం వస్తుందో ఆ ఒడ్డున వల వేసే ఎవరినడిగినా ఉచితంగా చెప్పేవాళ్లు.

నియమాలంటే మన పాలకులకు పడదనుకోవడం కూడా పొరపాటే. ఎవరి కోసం రాసిన నియమం అన్నదాన్ని బట్టి వారికి ఓపిక పుడుతుంది. థర్మల్ కేంద్రాల పొగలో గంధకాన్ని తగ్గించాలని 2015 డిసెంబర్‌లో నిబంధన పెట్టారు. 2017లోగా పూర్తి కావాలి. తర్వాత 2022 అన్నారు, ఆపైన మరికొన్ని తేదీలు. 2025 జూలైలో దేశంలోని కేంద్రాల్లో దాదాపు నాలుగింట మూడొంతులకు ఆ పరికరమే అక్కర్లేదని తేల్చేశారు. పదేళ్ల ఈ జాప్యం మీద ఏ సదస్సూ కన్నీరు పెట్టలేదు. రామగుండం, జైపూర్ చిమ్నీల నీడన ఉండేవాళ్లకు గడువు పదేళ్లు సాగొచ్చు గానీ, వాళ్లు అభ్యంతరం చెప్పే గడువు మాత్రం పది రోజులు తగ్గాలి.

వేగమే కావాలంటే చేయాల్సిన పని చాలా ఉంది. టెండరు తర్వాత కాకుండా హద్దులు గీయకముందే ఊరిని అడగొచ్చు. ఒకే చోట నాలుగు గనులున్నప్పుడు నీటి, దుమ్ము లెక్కల్ని ప్రతి గనికీ కొత్తగా రాయించకుండా ప్రాంతం మొత్తానికి ఒకసారి ప్రభుత్వ ఖర్చుతో తీసి బయటపెట్టొచ్చు. కాలుష్య మండలిలో ఖాళీలు నింపొచ్చు. నిర్వాసితుల పరిహారం ముందే చెల్లిస్తే కోర్టు కేసులు సగం తగ్గుతాయి. వీటిలో ఏదీ రిబ్బన్ కత్తిరించే పని కాదు కనుక సంస్కరణల జాబితాలోకి ఎక్కదు. అందుకే ఆ జాబితాలో చేర్చదగ్గ చిన్న నిబంధన ఒకటి, పైసా ఖర్చు లేనిది: ప్రతి ప్రాజెక్టు శిలాఫలకం మీద ప్రారంభించినవారి పేరు కింద తొలి అంచనా, తుది ఖర్చు, పర్యావరణ అనుమతి వచ్చిన తేదీ, పని మొదలైన తేదీ పక్కపక్కనే చెక్కించాలి. మరమ్మతు బిల్లుల కోసం కింద కొంత జాగా వదలాలి. మేడిగడ్డ ఫలకానికైతే కాస్త పెద్ద రాయే తేవాలి.