దేవరగట్టు చేతిలో కె-వైర్

విరిగిన ఎముకలను నిలపడానికి దింపే ఈ కె-వైర్ తీగ, వయసు అడిగితే వంశం లెక్క చెబుతుంది. జర్మన్ సర్జన్ మార్టిన్ కిర్ష్‌నర్ 1909లో వైద్యంలోకి తెచ్చిన తీగల సంతతి తనది, ఇంటిపేరూ ఆయనదే. ఒళ్లు స్టెయిన్‌లెస్ స్టీలు, మందం ఒకటిన్నర మిల్లీమీటరు. మూడు పలకలుగా చెక్కిన మొన గురించి మాత్రం కాస్త గొప్పలు పోతుంది.

ఆదోనిలో దానికి పని పడింది దసరా మర్నాడు. హొళగుంద మండలం దేవరగట్టులో విజయదశమి రాత్రి మాళమల్లేశ్వర స్వామి బన్ని ఉత్సవం. ఉత్సవ విగ్రహాల కోసం ఊళ్లు వర్గాలుగా చీలి, ఇనుప రింగులు తొడిగిన కర్రలతో తలపడతాయి. దెబ్బ తగిలినవాళ్లు పసుపు అద్దుకుని మళ్లీ గుంపులో దూరడం మామూలే. పసుపుకు లొంగని గాయాలు ఆలూరు, ఆదోని ఆసుపత్రులకు చేరతాయి. అలా వచ్చిన ఒక కుర్రాడికి చిటికెన వేలి కింద అరచేతి ఎముక విరిగి పక్కకు వంగింది.

నలభై డిగ్రీల ఎండ ఆదోనికి కొత్త కాదు. డ్రిల్‌తో తీగను దింపేటప్పుడు పుట్టే వేడికి మాత్రం ఎముక ఓర్చే హద్దు దగ్గరే ఉంది. ఎరిక్‌సన్, ఆల్బ్రెక్ట్‌సన్ అనే స్వీడన్ పరిశోధకులు 1983లో కుందేలు ఎముక మీద చేసిన ప్రయోగంలో 47 డిగ్రీల వేడి ఒక్క నిమిషం తగిలినా ఎముక దెబ్బతింటుందని తేల్చారు. ఒంటి వేడి 37. నడుమ ఉన్నది పదే డిగ్రీలు!

బోరు బండి రాతిని తొలిస్తే గాలి ఒత్తిడికి పొడి పైకి ఎగజిమ్ముతుంది. ఈ తీగకు ఆ వీలు లేదు. డ్రిల్ బిట్‌కు ఉండే మెలికల గాడులు దీనికి ఉండవు, ఒళ్లంతా నున్నన. ఎముక పొడి ఎటూ పోలేక మొన చుట్టూ ఇరుక్కుని రాపిడి పెంచుతుంది. గట్టి ఎముక వేడిని త్వరగా పక్కకు పంచదు కూడా. మాడిన చోట కణాలు చస్తాయి, కొన్నాళ్లకు తీగ వదులవుతుంది, వదులైన దారి వెంట చీము చేరుతుంది. ఇదంతా జరిగేటప్పుడు కంటికి ఏమీ కనపడకపోవడమే చిక్కు.

ఆ రోజు సర్జన్ ముందు సీ-ఆర్మ్ ఎక్స్‌రే తెర మీద దిశ సరిచూసుకున్నాడు. గురి తప్పి మళ్లీ మళ్లీ తొలిస్తే మొన మొద్దుబారుతుంది, ప్రతి రంధ్రానికీ కొత్త వేడి. డ్రిల్ జూనియర్ చేతిలో ఉంది.

“వేగం తగ్గించు. ఆపు. ఇప్పుడు కొంచెం.”

“దిగడం లేదు సార్.”

“దిగకపోతే అక్కడే గిర్రున తిప్పుతూ ఉండకు బాబూ. వెనక్కి తీసి మొన చూడు, తుడువు. సిస్టర్, సెలైన్.”

సిరంజిలోంచి చల్లటి సెలైన్ పడింది. నిజం చెప్పాలంటే ఆ నీళ్లు ఎక్కువగా పైపైనే తగులుతాయి. లోతున ఉన్న మొనను కాపాడింది నడుమ ఇచ్చిన విరామాలే అని తీగ నమ్మకం. డ్రిల్ తిప్పకుండా చిన్న చిన్న దెబ్బలతో దింపితే వేడి తక్కువ పుడుతుందని ప్రయోగాలు చెబుతున్నాయి గానీ, ఆ సరంజామా అన్ని చోట్లా ఉండదు.

నాలుగు వారాలకు కుర్రాడు ఓపీకి వచ్చాడు. వదులైన తీగ వేళ్లతో లాగినా వస్తుంది. దీనికి ప్లయరు పట్టి రెండుసార్లు మెలితిప్పాల్సి వచ్చింది. చుట్టూ చీము లేదు.

“సార్, వచ్చే బన్నికి కట్టె పట్టుకోవచ్చునా?”

“ముందు పిడికిలి బిగించు నాయనా, చూస్తాను.”