మోక నౌకాప్రశ్నము – టీకాతాత్పర్య సహితము

మూలము: "మామా, పాత పడవ కంటే కొత్త పడవ గట్టిగుంటాది గదా?"

అవతారిక. పంచాంగములలో వేదవతి యనియు, జనుల నోళ్లలో హగరి యనియు వ్యవహరింపబడు నది యొడ్డున నున్న మోకయందు, వేసవి వచ్చినంతనే నీటికంటె ఇసుకయే విస్తారముగా దర్శనమిచ్చును గనుక, చెలమ త్రవ్వి, అడుగున ఊరిన రెండు గిన్నెల నీటిలో వేపాకును తేలవిడిచి ఆడుకొను పిల్లలకు అంతకు మించిన నౌకాయానము లేదు. అట్టి పిల్లలలో నొకడగు మా మేనల్లుడు, ఫోనులో రెండు తెరచాప పడవల బొమ్మలు చూచి, టీ హోటలు బల్లపై నన్నడిగిన ప్రశ్న యిది. సముద్రమును చూడనివాడు అడిగినాడు, చూడనివాడే వ్యాఖ్యానించుచున్నాడు. శాస్త్రమునకు ఇది దోషము కాదు.

మామా – అభిధచేత మేనమామ. లక్షణచేత, బల్లారి సీమయందు తీరిక గల పెద్దమనిషి యెవ్వడైనను మామయే. వ్యంజనచేత, ఈ పూట టీకి డబ్బు నీవే యిమ్మని భావము.

పాత పడవ కంటే – పంచమి. పోలికకు వచ్చిన పంచమి తగవును వెంటబెట్టుకొనియే వచ్చును. ఇచ్చట పాత పడవ యనగా మ్హాదేయి. గోవాలోని దివార్ దీవియందు అక్వేరియస్ నౌకానిర్మాణశాలలో రూపొంది, 2009 ఫిబ్రవరిలో భారత నౌకాదళమున చేరిన యీ పడవపై దిలీప్ దోందే ఆ యేడు ఆగస్టున ఒంటరిగా బయలుదేరి, నాలుగు రేవులలో మాత్రమే ఆగి, మరుసటి మే నెలకు భూగోళమును చుట్టివచ్చెను. పిమ్మట 2012 నవంబరున బొంబాయి విడిచిన అభిలాష్ టోమీ, ఏ రేవునను ఆగక, 2013 మార్చి కడపటికి మరల అదే బొంబాయి చేరెను. ఇక నామవిచారము: మ్హాదేయి గోవాలోని నది. బెళగావి అడవులలో పుట్టిన ఆ నదినే మన కన్నడ పత్రికలు మహదాయి యని వ్రాసి, నీటి పంపకపు తగవును పుటలు పుటలుగా ప్రకటించును. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు పోగా, మైసూరు వైపున నిలిచిపోయి, ఇంట తెలుగును కచేరీలో కన్నడమును మాటలాడు మాకు, ఒకే యేటికి రెండు పేళ్లుండుట వింత కాదు.

కొత్త పడవ – తారిణి. 2017 ఫిబ్రవరిలో నౌకాదళమున చేరినది. దాటుట యను నర్థము గల తౄ ధాతువునుండి, దాటించునది యని వ్యుత్పత్తి చెప్పవచ్చును. అమరసింహుడు వారివర్గమున నౌక, తరణి, తరి యని ఒక్క వరుసను పేర్చినాడు గనుక నాకు ధైర్యము గలదు. అయితే పేరు పెట్టినవారు నిఘంటువును చూడలేదు. బరంపురము చేరువ ఋషికుల్య యొడ్డు కొండపై వెలసిన తారా తారిణిని తలచినారు. ఆ తల్లి బరంపురపు తెలుగువారికి క్రొత్త కాదు.

సరే, ఇందు కొత్త యేది? నిర్మించిన శాల అదే. డచ్చివారి టోంగా 56 అను నమూనా అదే. పొడవు అదే యేబదియారడుగులు. నడుమ చెక్కయు ఇరువైపుల ఫైబర్‌గ్లాసును గల దేహము అదే. ఉపగ్రహముల ద్వారా వార్తలందుకొను సాధనములు మాత్రము రెండవదానియందు మెరుగని విందుము. మా తుంగభద్ర పుట్టిలో గల భేదము ఇంతకంటె పెద్దది. 1520 ప్రాంతమున విజయనగరము చూచిన డొమింగో పేస్, బుట్టవలె గుండ్రనై, లోపల బెత్తమును వెలుపల తోలును గల పడవలు తిన్నగా పోక గిరగిర తిరుగుచు నది దాటుటను వ్రాసినాడు. అట్టి తోలు పుట్టిని రేవు చేరిన పిదప బోర్లించి ఎండబెట్టకున్న తోలు చివికిపోవును. నేటి ఫైబర్ పుట్టికి ఆ సేవ అక్కరలేదు. అయినను అదియు గిరగిర తిరుగుచునే పోవును.

గట్టిగుంటాది – ఇచ్చటనే చిక్కు. 2017 సెప్టెంబరు 10న గోవానుండి వర్తికా జోషి నాయకత్వమున ఆరుగురు స్త్రీలు తారిణిపై బయలుదేరిరి. వారిలో విశాఖపట్టణపు స్వాతియు, హైదరాబాదు బొడ్డపాటి ఐశ్వర్యయు మన తెలుగు ఆడపడుచులు. మరుసటి జనవరిలో, నావికులకు పేరు విన్నంతనే గుండె జారు కేప్ హార్న్‌ను చుట్టిరి. అంతటి గండమును దాటిన పడవ, తిరుగు దారిలో చుక్కాని యంత్రము మొరాయించుటచే మారిషస్ దీవిలోని పోర్ట్ లూయీ రేవున ఆగవలసివచ్చెను. ఇంతమాత్రమున కొత్తది గట్టిది కాదనుట అన్యాయము. ఆ ఆరుగురు తెరచాప కట్టుటయు, గాలిని కనిపెట్టుటయు నేర్చుకొన్నది మ్హాదేయిపైననే గనుక, కొత్తదాని గట్టితనమున ఒక పాలు పాతదాని ఖాతాకు జమ కట్టవలెను.

మరియొక విశేషము. 2024 అక్టోబరు 2న ఇద్దరు స్త్రీ అధికారులతో మరల భూప్రదక్షిణమునకు వెడలిన తారిణి, 2025 మే 29న గోవా చేరునప్పటికి ఎనిమిదేండ్లు దాటిన పడవ. టోమీని తీరమున దించిన నాటికి మ్హాదేయి వయస్సు నాలుగేండ్లు. అనగా, ప్రదక్షిణము ముగించిన దినమును లెక్కించినచో, కొత్త పడవయే పాత పడవకంటె రెట్టింపు పాతది. మూలమందలి పంచమిని ఏ పదమునకు చేర్చవలెనో తేలక నేను రెండవ టీ తెప్పించితిని.

గదా – అవుననిపించుకొనుటకు వచ్చిన అవ్యయము. వ్యాఖ్యాత అవుననడు.

తాత్పర్యము. అచ్చు ఒక్కటే, ముందు పుట్టినది పాత, వెనుక పుట్టినది కొత్త, గట్టితనము విషయమున వాదికి ఓటమియే. ఆ ఆరుగురు తారిణిపై చుట్టిన దూరము ఏడు వందల మైళ్లు తక్కువ ఇరువదిరెండు వేల నాటికల్ మైళ్లని నేను చెప్పగా, మేనల్లుడు "సరిగా చెప్పు మామా, 21,600" అని ఫోను చూపి దిద్దినాడు. దిద్దుబాటును అంగీకరించితిని. 254 దినముల పిమ్మట, 2018 మే 21న, ఆ కొత్త పడవ వచ్చి కట్టుకొన్న నౌకాదళపు రేవు పేరు మాండోవి. సముద్రమును సమీపించిన మ్హాదేయి నదిని గోవావారు పిలుచు పేరే అది.