దసరా నోటీసు: టీకా తాత్పర్య సహితము

మూలము: "దసరా సెలవుల దృష్ట్యా సిబ్బంది ఎవ్వరూ హెడ్ క్వార్టర్ విడిచి వెళ్లరాదు. ముందస్తు అనుమతి లేనిదే సెలవు చెల్లదు. క్యాజువాలిటీ, లేబర్ రూం యథాతథంగా పనిచేయును. మందులకు ఇండెంటు వెంటనే పంపవలెను. అందరికీ సద్దుల బతుకమ్మ, దసరా శుభాకాంక్షలు."

అవతారిక: ఉన్నవి ఐదే వాక్యాలు. పెత్రమాస దాటిందంటే కరీంనగర్, ఆదిలాబాద్ వైపు సర్కారు దవాఖానల నోటీసు బోర్డుల మీద కాస్త అటూ ఇటూగా ఈ గద్యమే వెలుస్తుంది. కర్త పేరు కనపడదు, గుండ్రటి ముద్ర మాత్రం కనపడుతుంది. ఇంత తేలిక మాటలకు వ్యాఖ్య ఎందుకని కొట్టిపారేయడానికి లేదు. కాళిదాసు కావ్యాలకు 'సంజీవని' రాసిన మల్లినాథసూరిది మెదక్ సీమలోని కొల్చారం. దవాఖానకు పెట్టాల్సిన పేరు ఆయన వ్యాఖ్యకు పెట్టుకున్నాడు. ఇటు కరీంనగర్ పక్కన కురిక్యాల బొమ్మలమ్మ గుట్ట మీద పదో శతాబ్దంలోనే జినవల్లభుడు తెలుగు కందపద్యాలు చెక్కించాడు. బండ మీది రాతకు వెయ్యేళ్ల ఆయువు, గుండుసూది గుచ్చిన కాగితానికి పది రోజులు. ఆ పది రోజుల్లోనే కొందరి పండగ తేలిపోతుంది గనుక టీక తప్పదు.

"హెడ్ క్వార్టర్" అనగా ఉద్యోగి కిరాయి కట్టే ఊరు. తల్లి ఎదురుచూసే ఊరు కాదు. కరీంనగర్ పిల్లకు ఆదిలాబాద్ రిమ్స్‌లో పోస్టింగు పడితే ఈ రెండు ఊళ్ల నడుమ దాదాపు 200 కిలోమీటర్లు. 2008లో మొదలైన ఆ కాలేజీ దవాఖానకు ఉట్నూరు, ఇంద్రవెల్లి గూడేల నుంచి, పెన్‌గంగ దాటి మహారాష్ట్ర నుంచి కూడా జనం వస్తారు. కనుక "విడిచి వెళ్లరాదు" అన్నదాంట్లో న్యాయం లేకపోలేదు. ఆ సంగతి బస్సు టికెట్టు కొన్న తరువాత తెలియడంలోనే చిక్కంతా ఉంది.

"ముందస్తు": ఈ ఒక్క మాట దగ్గర వ్యాఖ్యాత చాలాసేపు ఆగాడు. అనుమతి ముందస్తుగా అడగాల్సింది సిబ్బంది. నోటీసు ఎంత ముందు వేయాలో మూలంలో ఎక్కడా లేదు. విశేషణం ఒక పక్షానికే అంటుకుంది. పండగకు మూడు వారాల ముందు డ్యూటీ చార్టు గోడెక్కితే ఎవరి పండగ ఎవరు మార్చుకోవాలో మాట్లాడుకునే వీలుంటుంది. మూడు రోజుల ముందు ఎక్కితే మిగిలేది అలకే. బతుకమ్మ తొమ్మిది రోజుల్లో ఆరో నాటిది 'అలిగిన బతుకమ్మ' అని ఊరికే అన్నారా!

చార్టు రాసేవాళ్ల కష్టమూ చెప్పాలి. పండగే ఒక్కోసారి తన తేదీ తాను చెప్పదు. 2023లో దసరా అక్టోబరు 23నా, 24నా అని వాదన లేచి, చివరికి ప్రభుత్వం రెండు రోజులూ సెలవిచ్చింది. 2025లో అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడే వచ్చి పడింది. ఆ రోజు మద్యం దుకాణాలు మూస్తారు గనుక సీసాలు ముందు రోజే ఇళ్లకు చేరాయి. ఇక బండి మీది నుంచి పడి తల పగిలి వచ్చేవాళ్లకు క్యాజువాలిటీలో ఏ రాత్రి మనుషులను పెంచాలో పంచాంగం చూసి చెప్పగలరా?

"సద్దుల": ఇక్కడ పాఠభేదం ఉంది. కరీంనగర్‌లో సద్దులు తొమ్మిదో రోజు. అదే జిల్లాలో నిన్నమొన్నటిదాకా ఉన్న వేములవాడలో ఏడో రోజే. వేములవాడ సిస్టర్‌కు, కరీంనగర్ సిస్టర్‌కు పండగ నడుమ రెండు రోజుల ఎడం. ఈ ముక్క తెలిసిన హెడ్ నర్సు ఇద్దరికీ సద్దులు దక్కేలా చార్టు వేయగలదు, తెలియనామె ఒకే రోజుకు ఇద్దరినీ కాదంటుంది. (2023లో రాష్ట్రంలో స్టాఫ్ నర్సు పదవి నర్సింగ్ ఆఫీసర్ అయింది. వార్డులో పిలుపు మాత్రం ఇంకా 'సిస్టర్, జర సూదియ్యరా' అనే.) ఆదిలాబాద్‌లో లెక్క ఇంకా పెద్దది. గోండు సిబ్బందికి దీపావళి ముందరి దండారి రోజులు కావాలి, పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతర కావాలి. 2026లో నాగోబా జనవరి 18న, మేడారం 28 నుంచి 31 దాకా. జాతర క్యాంపులకు డిప్యుటేషన్ మీద పోయేవాళ్లు పోగా మిగిలిన వార్డును ఎవరు చూస్తారన్నది సంక్రాంతి ముగ్గు ఆరకముందే తేల్చుకోవాలి.

"యథాతథంగా": ప్రతిపదార్థం ఎప్పటిలాగే. తాత్పర్యం అందుకు పూర్తిగా విరుద్ధం. పురిటి నొప్పులు క్యాలెండరు చూడవు, నిజమే. కానీ దసరా నాటి క్యాజువాలిటీ మామూలు నాటిది కాదు. వరి ఇంకా చేనులోనే ఉంటుంది, పత్తి మొదటి ఏరుడు మొదలవుతుంది, పాములు కాళ్ల కింద తిరుగుతాయి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ మన దగ్గర విరుగుడు ఒకటే. మొదటి విడతకే ఎనిమిది నుంచి పది వయల్స్ కావాలి. ఇద్దరు రైతులు ఒకే సాయంత్రం వస్తే ఇరవై దాకా. స్టోరు తాళం సెలవులో ఉంటుంది.

అందుకే "ఇండెంటు వెంటనే" అన్న నాలుగో వాక్యం ఈ గద్యానికి ప్రాణం. అయితే ముందే తెచ్చి దాచలేనివీ ఉన్నాయి. ఎర్ర రక్తకణాలను చల్లగా పెడితే 35 నుంచి 42 రోజులు నిలుస్తాయి. డెంగీ జరం ముదిరినప్పుడు వెతుక్కునే ప్లేట్‌లెట్లు 20–24 డిగ్రీల వేడిలో ఊపుతూ ఉంచినా ఐదు రోజులే. బతుకమ్మ మొదటి రోజు, ఎంగిలిపూల నాడు తీసినవి సద్దులకు అందవు. పండగ నడిమధ్య రక్తమిచ్చే దాతల పేర్లు, ఫోన్ నంబర్లు ముందే రాసిపెట్టుకోవడం తప్ప దారి లేదు. ఇలాంటి ముందుచూపు మనకు కొత్తేమీ కాదు. హైదరాబాద్ సరోజినీ దేవి కంటి దవాఖానలో ఏటా దీపావళి రాత్రికి ప్రత్యేకంగా డాక్టర్లను ఉంచుతారు. టపాకాయ ఎప్పుడు పేలుతుందో అక్కడ అందరికీ తెలుసు.

సెలవు రోజు దవాఖాన పలచబడితే ఏమవుతుందో కెనడాలోని అంటారియోలో లెక్క తీశారు. 38 లక్షల అత్యవసర చేరికలను చూసి 2001లో అచ్చేసిన ఆ పరిశీలనలో, కొన్ని తీవ్రమైన జబ్బులకు శని, ఆదివారాల్లో చేరినవాళ్లలో మరణాలు ఎక్కువ కనిపించాయి. 2014లో అచ్చయిన మరో పరిశీలన ఉత్తర అమెరికాలోని తొమ్మిది పిల్లల వైద్య విభాగాలది. డ్యూటీ దిగే డాక్టరు ఎక్కేవాడికి రోగి సంగతి ఒక పద్ధతిలో అప్పగించడం నేర్పితే పొరపాట్లు 23 శాతం తగ్గాయి. దసరా నాడు రాత్రి ఎనిమిదింటికి, రిలీవర్ ఎక్కిన స్పెషల్ బస్సు జగిత్యాల దగ్గర నిలిచిపోయిన వేళ, ఈ అప్పగింత ఫోన్‌లో నాలుగు మాటలకు కుదించుకుపోతుంది.

షిఫ్టుల మీద చిన్న విశేషం. ఉదయం ఎనిమిది నుంచి రెండు, రెండు నుంచి ఎనిమిది, రాత్రి ఎనిమిది నుంచి తెల్లారి ఎనిమిది. బతుకమ్మ ఆడేది పొద్దుగూకే వేళ. అంటే సద్దుల నాడు రెండో షిఫ్టుకు ఆట మొత్తం పోతుంది, నైట్‌కు నిమజ్జనం పోతుంది. మార్నింగ్ ఒక్కటే బంగారం. ఆ బంగారం ఏటా ఒకరికే పడుతుంటే వార్డులో గుసగుస మొదలవుతుంది. అది ఏ నోటీసుకూ ఎక్కదు.

"శుభాకాంక్షలు": కావ్యానికి మంగళం మొదట, సర్క్యులర్‌కు చివర. దీన్ని ప్రక్షిప్తమనేవాళ్లున్నారు. వ్యాఖ్యాతకు వేరే అనుమానం. ఆకాంక్ష సరే, అన్నం సంగతేమిటి? దసరా నాడు గేటు ముందరి చాయ్ బండి ఉండదు, హోటళ్లు తెరవవు. నైట్‌లో ఉన్నవాళ్లకు ఎవరో ఇంటి నుంచి డబ్బా నిండా పులిహోర, మలీద ముద్దలు పంపితే వార్డు బాయ్ నుంచి డాక్టర్ దాకా అందరూ తింటారు. నెత్తురు పరీక్షల గది పక్కన స్టూలు మీద జరిగే ఆ విందుకు ఏ పద్దు కిందా ఖర్చు రాయరు.

ప్రమాణ విచారం: నోటీసు బోర్డు శ్రుతి, వాట్సాప్ గ్రూపు స్మృతి. రెండింటికీ విరోధం వస్తే శ్రుతే గెలవాలని శాస్త్రం. దవాఖానలో రాత్రి పదకొండున్నరకు వచ్చిన మెసేజే గెలుస్తుంది. "రేపు ఈవినింగ్ బదులు మార్నింగ్ రాగలరు" అని. ఆ పాటికి పడుకున్న సిస్టర్ పొద్దున లేటైతే తప్పు ఎవరిదని మీమాంసకులు తేల్చలేదు.

ఇక లేఖక పాఠం. బోర్డు మీది ప్రతిలో ముద్ర కింద ఖాళీ చోట బాల్ పెన్నుతో తరచూ ఇలా ఉంటుంది: "సద్దుల నాడు మార్నింగ్ కావాలె. ఎవరన్న మ్యూచువల్ చేస్తరా?" దాని కింద వేరే చేతిరాత: "క్రిస్మస్ నాకిస్తె సరే అక్కా." ఈ రెండు పంక్తులకు టీక అక్కర్లేదు.