వంకాయల దక్షిణాయనం

వంగమొక్కలు వంగిపోతున్నాయి. పేరులోనే ఉంది కదా అని వారం రోజులు సరిపెట్టుకున్నాను. ఎనిమిదో రోజు చూస్తే, పెళ్లిలో రెండో బంతి కోసం నిలబడ్డ చుట్టాల్లా ఎండకోసం ప్రహరీ మీదికి మెడలు చాస్తున్నాయి.

ఆ చోటు నేను ఊరికే ఎంచలేదు. కాయగూరలకు రోజుకు కనీసం 6 గంటల ఎండ కావాలన్నారు కదా అని, జూన్‌లో ఉత్తరం పెరట్లో గంటగంటకీ సుద్దముక్కతో నీడ గీతలు గీశాను. ఆరున్నర గంటలు లెక్క తేలాకే మడి కట్టాను. నవంబరు వచ్చేసరికి మడి అక్కడే ఉంది, ఎండ ఖాళీ చేసి వెళ్లిపోయింది.

హైదరాబాదులో మే నడుమ నుంచి జూలై ఆఖరు దాకా మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరానికి ఒరుగుతాడు. ఆ తర్వాత దక్షిణానికి జారతాడు. డిసెంబరులో మిట్టమధ్యాహ్నం కూడా సగం ఆకాశం ఎక్కి చాలనుకుంటాడు. మా డాబా నీడ ఉత్తరం పెరడంతా పరుచుకుంటుంది. ఏటా వినాయకచవితికి సంకల్పంలో ‘దక్షిణాయనే’ అని పంతులుగారి వెనకే అంటున్నాను. అది నా వంకాయల సంగతని ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు.

సరే, దక్షిణం వైపుకు మారదామంటే అక్కడ దండెం ఉంది.

దండెమంటే తాడనుకునేరు. అదొక సంస్థానం. నడిమధ్య సింహాసనం దుప్పట్లది. ఇరుపక్కలా తువ్వాళ్లు సామంతులు. రంగు చీరలు వెలిసిపోతాయని వాటికి పదిన్నర దాకానే దర్బారు. నా లుంగీలు మాత్రం సరిహద్దులో, నీళ్ల ట్యాంకు నీడన, మూడు రోజులకోసారి ఆరతాయి. వేసవిలో దండెం కింద వడియాలు, వాటి పక్కన కారానికి మిరపకాయలు, వాటికి కాపలా నేను. ఒకసారి ఎదురింటి పిన్నిగారి బొంత కూడా అతిథిగా వచ్చి నాలుగు రోజులుండి వెళ్లింది. నా వంగకు మాత్రం వీసా దొరకలేదు.

“రెండడుగులు జరుపుదామా?” అన్నాను మా ఆవిడతో.

“వంకాయలు బజార్లో దొరుకుతాయండీ. ఎండ కొనుక్కొస్తారా?”

ఆ మాట నేననాల్సింది.

వేపచెట్టు పక్కన వద్దు, దాని వేళ్లే నీళ్లన్నీ తాగేస్తాయి. కుళాయికి దూరంగా వద్దు, నాకు బద్ధకం. ఈశాన్యంలో బోరు. చివరికి వంగ పీకి ఆ నీడలోనే పుదీనా వేశాను. అది ఫిర్యాదు చేయదు.

ఇంకో చోటు లేకపోలేదు. ఆగ్నేయం మూల. ఇల్లు కట్టేటప్పుడు అమ్మ, “అక్కడ ఓ నాలుగడుగులు మట్టి వదలరా, బీరపాదు పెట్టుకుంటాను” అంది. ఇంట్లోకి బురదొస్తుందని, బండికి చోటు కావాలని, నేనే దగ్గరుండి సిమెంటు పోయించి టైల్స్ వేయించాను. ఆవిడ మరో మాట అనలేదు. పగిలిన బకెట్లో మట్టి నింపి డాబా మీద గింజ పెట్టింది. ఆ ఏడు రెండు కాయలు కాశాయి. రెండూ నా కంచంలోకే వచ్చాయి.

మొన్న ఆదివారం బండి బయట పెట్టి, సుద్దముక్క పట్టుకుని ఆ మూల కూర్చున్నాను. పొద్దున 8 నుంచి సాయంత్రం 4 దాకా ఎండ కదలకుండా పడింది, టైల్స్ మీద.