సంసారి కథకు వీసా రాదట!

అయ్యా, అమ్మా, గృహస్థుకు కష్టాలు కొత్త కావు. గ్యాస్ బండ చెప్పిన రోజుకు రాదు, లిఫ్టు మూడో అంతస్తు దాటదు, పై వాటా వాళ్ల బట్టల నీళ్లు సరిగ్గా మన బాల్కనీలోనే కారతాయి, అపార్ట్‌మెంట్ సంఘం మీటింగులో పార్కింగు గొడవ ఏ ఏటికాయేడు తేలదు. ఇవన్నీ మీరూ భరిస్తున్నారు, నేనూ భరిస్తున్నాను. వీటి గురించి నేనెన్నడూ పెదవి విప్పలేదు. కానీ ఇప్పుడు విన్నవించబోయేది జాతి యావత్తూ తల దించుకోవలసిన విషయం. నేను మంచి కథ చదవమని చెబితే ఎవరూ చదవడం లేదు.

జపాన్‌లో విజువల్ నావెల్ అనే ప్రక్రియ ఒకటుంది. ఇంట్లో కాలేజీ పిల్లలుంటే మీకు తెలిసే ఉంటుంది. తెర మీద బొమ్మ, వెనక సంగీతం, ఆ బొమ్మ మీద ఒక్కొక్కటిగా పడే వాక్యాలు. బటన్ నొక్కుకుంటూ చదువుకుంటూ పోవడమే. మధ్యమధ్యలో అది మిమ్మల్ని ఆపి, తలుపు తీస్తారా, తీయరా అని అడుగుతుంది. తీస్తే ఒక కథ, తీయకపోతే ఇంకో కథ. ఆటంటే ఆట, నవలంటే నవల. అటు ఆటలవాళ్లూ ఒప్పుకోరు, ఇటు సాహిత్యం వాళ్లూ ఒప్పుకోరు.

నాకు వీటి మీద మోజుందని బంధువర్గంలో తెలుసు. పండక్కి వచ్చిన పిల్లలు పక్కన చేరి, "బాబాయ్, ఒక మంచిది చెప్పండి. కానీ మంత్రాలు, రాక్షసులు, రోబోలు, అంతరిక్షం వద్దు. మామూలు మనుషుల కథ కావాలి" అంటారు. ఎంత సంస్కారవంతమైన కోరిక! నేను కుర్చీ ముందుకు జరుపుకుంటాను, కళ్లజోడు తుడుచుకుంటాను, గొంతు సవరించుకుని పేరు చెబుతాను. "ఇంగ్లీషులో ఉందా బాబాయ్?" "లేదు నాయనా." "తెలుగులో?" ఆ ప్రశ్నను నేను సభా మర్యాద దృష్ట్యా పట్టించుకోను. వాళ్లు లేచి వెళ్లిపోతారు. రాజ్యాంగంలో 19వ అధికరణం నాకు చెప్పుకునే స్వేచ్ఛనిచ్చింది. వినేవాణ్ని ఇవ్వలేదు.

నా ఫిర్యాదు పిల్లల మీద కాదు. అంతర్జాతీయ స్థాయిలో దశాబ్దాలుగా సాగుతున్న ఒక వివక్ష మీద. రాక్షసుడున్న కథకు వీసా వస్తుంది, కాలయంత్రం ఉన్న కథకు వస్తుంది, లోకం అంతమయ్యే కథకైతే విమానం దగ్గరికే వచ్చి ముద్ర వేస్తారు. అప్పులు, హత్యలు, ఒళ్లు తగ్గించుకోవడం, ఆటల జట్టులో చోటు దొరక్కపోవడం, అంటే సంసారులకు పనికొచ్చే కథలు మాత్రం టోక్యో విమానాశ్రయంలోనే కూర్చుంటాయి. అభిమానులు రాత్రిళ్లు మేలుకొని సొంతంగా తర్జుమా చేసి ఊరికే పంచిపెట్టినవి కొన్ని ఉన్నాయి. ఆ పుణ్యాత్ములకు నమస్కారం. నేను అడిగేది కంపెనీలను. వాళ్లకు నమస్కారాలు చేరవు.

సాక్ష్యాలు కావాలా? హొరీ యూజీ అనే రచయిత 1983లో పోర్టోపియా వరుస హత్యల కేసు అనే ఆట రాశాడు. కోబె నగరంలో, అప్పులిచ్చే కంపెనీ యజమాని లోపల గడియ వేసి ఉన్న గదిలో శవమై దొరుకుతాడు. మీరు పోలీసు అధికారి. అప్పు, గడియ, పోలీసు: ఇందులో మనకు తెలియనిది ఏముంది? హంతకుడెవరో జపాన్‌లో ఆ ఆట ముట్టని వాళ్లకు కూడా తెలుసు, అంత ప్రసిద్ధి. ఇదే హొరీగారు 1986లో డ్రాగన్ క్వెస్ట్ రాశారు. ఆ డ్రాగన్ 1989కల్లా అమెరికాలో దిగింది. అప్పుల కంపెనీ శవం మాత్రం సముద్రం దాటడానికి 2023 దాకా పట్టింది. అదైనా గౌరవంగా దాటిందా? మనం టైపు చేసిన మాటలు కృత్రిమ మేధకు ఎంతవరకు బుర్రకెక్కుతాయో చూద్దామని, ఉచితంగా వదిలిన ఒక ప్రయోగంగా దాటింది. జనం అడిగింది దానికి ఎక్కలేదు, అది చెప్పింది జనానికి నచ్చలేదు. నలభై ఏళ్ల నిరీక్షణకు దక్కిన మర్యాద అదీ.

రెండో సాక్షి కొజిమా హిదెయో. 1998లో ఆయన చేసిన మెటల్ గేర్ సాలిడ్‌లో అణ్వస్త్రం మోసే మహాయంత్రం ఉంది. అది ప్రపంచమంతా తిరిగింది. దానికి ఏడాది ముందు, 1997లో, ఆయన ఆధ్వర్యంలోనే టోకిమెకి మెమోరియల్ డ్రామా సిరీస్‌లో మొదటి కథ వచ్చింది. హైస్కూలు ఫుట్‌బాల్ జట్టులో బెంచీకే పరిమితమైన కుర్రాడు, ఆ జట్టు మంచిచెడ్డలు చూసే అమ్మాయి, రానున్న మ్యాచ్. అంతే. అణ్వస్త్రం లేదు. కాబట్టి వీసా లేదు.

అసలు టోకిమెకి మెమోరియల్ 1994 నాటిది. హైస్కూలు మూడేళ్లు గడుపుతారు: చదువు, వ్యాయామం, చెలిమి, సెలవు రోజు ఎవరితో ఎక్కడికెళ్లాలన్న తర్జనభర్జన. చివర పట్టా పుచ్చుకునే రోజు స్కూల్లోని ఒక చెట్టు కింద ఎవరైనా అమ్మాయి వచ్చి మనసు విప్పితే జీవితం ధన్యం. ఇందులో ఒక మహత్తర ఏర్పాటుంది. పరిచయమైన అమ్మాయిని పలకరించకుండా వదిలేస్తే, కొన్నాళ్లకు ఆమె బొమ్మ పక్కన బాంబు గుర్తు వెలుగుతుంది. అప్పుడైనా బుద్ధి తెచ్చుకోకపోతే అది పేలుతుంది. పేలితే ఆమె దగ్గరే కాదు, మిగతా వాళ్ల దగ్గర కూడా మీ పరువు పడిపోతుంది. పెళ్లికి ఒక పెద్దమ్మను పిలవడం మరిచిపోతే నాలుగు ఊళ్ల చుట్టాలు మాటలు మానేసినట్టే! ఇంత నిక్కచ్చిగా బంధుత్వ శాస్త్రం చెప్పిన ఆటను తెలుగువాళ్లకు అందకుండా చేశారే. శుభలేఖలు పంచే ముందు ప్రతి ఇంట్లో తప్పనిసరిగా ఆడించాలి. మా ఆవిడ మాత్రం మన ఇంటి బాంబుల సంగతి ముందు చూడమంటోంది.

ఇక కాలయంత్రం సంగతి. 2009లో వచ్చిన స్టైన్స్ గేట్‌లో కుర్రాళ్లు మైక్రోవేవ్ ఓవెన్‌తో గతంలోకి సందేశాలు పంపుతారు. 2014కల్లా ఇంగ్లీషులో వచ్చింది, అందరూ కళ్లొత్తుకుంటూ చదివారు. మంచి కథే, నేను కాదనను. కానీ ఓవెన్‌తో గతాన్ని మార్చడం నమ్మిన లోకం, జీతం రాళ్లతో నెల గడిపేవాడి కథ నమ్మలేదా? మా ఓవెన్ సాంబారును ఒక పక్కే వేడి చేస్తుంది.

అన్నిటికంటే ఘోరం మాచి కథ. దీని పేరు చెప్పేటప్పుడు నేను లేచి నిలబడతాను, మీరు కూర్చోవచ్చు. చున్‌సాఫ్ట్ అనే సంస్థ 1998లో సెగా శాటర్న్ అనే ఆటల పెట్టె కోసం తీసింది. బొమ్మలు కావు, నిజం మనుషుల ఫొటోలు. టోక్యోలోని షిబుయా ప్రాంతం, ఐదు రోజులు, ఎనిమిది మంది. ఐదు రోజుల్లో ఒళ్లు తగ్గకపోతే ప్రియుడు వదిలేస్తానన్న అమ్మాయి. తనకే రోత పుట్టించే సీరియళ్లు రాయలేక, మానలేక చచ్చే టీవీ రచయిత. ఒకే పోలికతో పుట్టి ఒకరి బతుకులో ఒకరు ఇరుక్కున్న మాజీ యాకుజా గూండా, చిన్న నటుడు. అమ్మాయి ఒకరోజు వచ్చి కడుపొచ్చిందనగానే కాళ్లు వణికే సరసుడు. ఇంట్లో చూస్తే ఇలాంటి వాళ్లు మీకూ ఇద్దరు ముగ్గురు తగులుతారు.

మాచిలో గొప్పంతా ఎక్కడుందంటే, ఈ ఎనిమిది మందికీ ఒకరితో ఒకరికి పరిచయం కూడా ఉండదు. అయినా ఒకడి కథలో మీరు చేసిన ఎంపిక ఇంకొకడి కొంప ముంచుతుంది. ఇక్కడ ఒకాయన దారిలో ఆగి ఏదో కక్కుర్తి పడ్డాడనుకోండి, అక్కడ ముఖం కూడా తెలియని ఇంకొకరి కథ అర్ధంతరంగా ముగుస్తుంది. ఎక్కడ తప్పింది, ఎవడి వల్ల తప్పింది అని మీరు మళ్లీ వెనక్కి, ఇంకో మనిషి కథలోకి, ఇంకో గంటలోకి పోయి వెతకాలి. వాక్యం మధ్యలో రంగు మారిన మాట నొక్కితే మరొకరి జీవితంలోకి దూకుతారు. కర్మ సిద్ధాంతాన్ని ఇంత చక్కగా ఆడించిన పుస్తకం ఇంకోటి చూపించండి. 2006లో జేబులో పెట్టుకుని ఆడే పీఎస్పీకి కూడా వచ్చింది. జపనీసులోనే.

దీని తమ్ముడు 428 కూడా షిబుయా కథే, 2008లో వచ్చింది. 2018లో ఇంగ్లీషులోకి వెళ్లింది. ఎందుకో ఊహించండి. ప్రాణాలు తీసే వైరస్ ఉంది అందులో! ఒళ్లు తగ్గని అమ్మాయి కంటే వైరస్‌కే పరపతి.

కంపెనీల వాదన నాకు తెలియదనుకోకండి. మామూలు నవలైతే ఒక్కసారి తర్జుమా చేస్తే సరిపోతుంది. ఇక్కడ కొమ్మలన్నీ చేయాలి: పాఠకుడు వెళ్లిన దారి, వెళ్లని దారి, మూర్ఖంగా తలుపు తీసి చచ్చిన దారి, తీయకుండా చచ్చిన దారి. ఇంత ఖర్చూ పెట్టాక కొనేవాడు కత్తి ఏది, రెక్కల గుర్రం ఏది అంటాడని భయం. భయపడే వ్యాపారికి నేనేం చెప్పను? ఎంపిక తప్పు, వెనక్కి వెళ్లి మళ్లీ నొక్కండి.

తర్జుమా చేస్తే చేశారు కానీ, ఎలా చేశారో వినండి. 1994లో చున్‌సాఫ్టే సూపర్ ఫామికామ్ ఆటల పెట్టెకు కమైతాచి నో యోరు తీసింది. రాసింది పేరున్న అపరాధ పరిశోధక రచయిత అబికో తకెమారు. నాగానో కొండల్లో మంచు విడిది, బయట తుఫాను, అర్ధరాత్రి ఎవరో చస్తారని ఒక చీటీ, ఆ తర్వాత ముక్కలైన శవం. పాత్రలన్నీ నీలం నీడలుగా కనిపిస్తాయి, మొహాలుండవు, కాబట్టి ఎవరినీ మొహం చూసి నమ్మే వీలు లేదు. త్వరగా కనిపెట్టకపోతే విడిదిలో మనుషులు తగ్గిపోతుంటారు. 2014లో ఇది ఫోన్లకు ఇంగ్లీషులో వచ్చింది. వచ్చీ రాగానే కథను కెనడాకు మార్చేశారు, పాత్రల పేర్లూ మార్చారు. మంచు మాత్రం అక్కడా పడుతుంది కాబట్టి వదిలేశారు.

మరి జపనీసు నేర్చుకుని చదవచ్చుగా అంటారు మీలో ధైర్యవంతులు. వినండి. రెండు లిపులు, ఒక్కోదానికి 46 మూలాక్షరాలు. అవి ఒత్తులూ గుణింతాలూ మింగి పెరిగిన మనకు లెక్క కాదు. ఆ తర్వాత వచ్చేవి కంజి అనే చైనా మూలం అక్షరాలు. అక్కడి ప్రభుత్వం 2010లో సవరించిన నిత్యవాడుక జాబితాలోనే 2,136 ఉన్నాయి. కంప్యూటర్ ఆటలకైతే తెర మీది వాక్యాన్ని పట్టి నిఘంటువుకు అందించే పనిముట్లున్నాయి. టీవీకి తగిలించిన పాత పెట్టెకు ఆ పప్పులు ఉడకవు. అందుకని నేను ఫోను కెమెరా తెరకు అడ్డం పెట్టి తర్జుమా చేయించాను. మాచిలో అక్షరాలు తెరంతా నిండి ఉంటాయి, వెనక షిబుయా వీధి ఫొటో ఉంటుంది. ఆ ఫోను కథానాయకుడి ఆక్రందన వదిలేసి, వెనకాల దుకాణం బోర్డు చదివింది. ప్రేమికులు విడిపోతున్న ఘట్టంలో నాకు దక్కింది కరవోకే రేటు.

డబ్బు పెట్టి కొందామంటే అదో మహాభారతం. ఒక జపాన్ ఆన్‌లైన్ దుకాణం నా పేరు కటకానా లిపిలో రాయమంది. ఇంటి పేరు, తాత పేరు, దేవుడి పేరు కలిసిన తెలుగు పేరు ఆ గడిలో పడుతుందా? సగం పేరు రాశాను. కార్డు మీద పేరుతో కలవలేదంది. కార్డు మార్చాను. విదేశీ కార్డు చెల్లదంది. ఓటీపీ మాత్రం ముచ్చటగా వచ్చింది.

కాబట్టి బాధితులారా, మన కోరికలు ఇవి. మాచిని ఫొటోలు ముట్టుకోకుండా తర్జుమా చేయాలి. కమైతాచి రెండో భాగం 2002లో, మూడోది 2006లో వచ్చాయి. మూడోదాన్ని 2024లో మళ్లీ అమ్మకానికి పెట్టారు కాబట్టి వాటికి ఇంగ్లీషు ఇవ్వాలి, కెనడా ఇవ్వకూడదు. అణ్వస్త్రం లేకపోవడాన్ని అనర్హతగా చూడకూడదు. ఈలోగా మీలో ఎవరైనా సాహసిస్తే కమైతాచితోనే మొదలుపెట్టండి. కిందామీదా పడి చదువుతూ, మంచులో ఒక్కొక్కరే రాలిపోతుండగా, ఒకచోట ఆట ఆగి హంతకుడి పేరు మీ చేత అక్షరం అక్షరం రాయించుకుంటుంది. ఆ గడి ముందు మీరు ఎంతసేపు కూర్చున్నా సరే, నాకు ఫోను చేయకండి.

ఇన్నాళ్లూ వినేవాడు లేక ఉన్నాను. అడిగితే చెప్పేస్తాను.