లారీకి విల్ వద్దు

బేతంచెర్లలో బండల పాలిష్ మిషన్ల మోతను మించి గొంతెత్తి ఇంగ్లీషు చెప్పే పెద్దమనిషి కనిపిస్తే ఆయనే గ్రామర్ సారు. జేబులో చాక్‌పీసులు, చంకలో అట్ట ఊడిన రెన్ అండ్ మార్టిన్. వసారాలో గోడకు ఆనించిన పాలిష్ పట్టని నాపబండే ఆయన బోర్డు.

లోకంలో ఆయనకు గిట్టనిది ఒక్కటే: టైమ్ క్లాజులో దూరిన విల్. జరగబోయేది చెప్పేటప్పుడు వెన్, బిఫోర్, అంటిల్, యాజ్ సూన్ యాజ్ తర్వాత సింపుల్ ప్రెజెంటే రావాలి, విల్ మెయిన్ క్లాజు సొత్తు. ఈ ముక్క ఊరికి ఎక్కించడానికే తాను పుట్టానని సారు నమ్మకం.

ఓ ఫ్యాక్టరీలో గుమాస్తా బెంగళూరు పార్టీకి వాట్సాప్ పెడుతున్నాడు: ‘వెన్ ది లారీ విల్ కమ్, వుయ్ విల్ లోడ్.’ వెనక నుంచి సారు తొంగిచూశారు.

“లారీకి విల్ తీసెయ్ నాయనా. వెన్ ది లారీ కమ్స్.”

“అది వస్తాదో రాదో నాకే తెల్దు సార్. కమ్స్ అంటే వచ్చేసినట్టే అనుకోరా?”

“అంత అనుమానముంటే వెన్ తీసి ఇఫ్ పెట్టు. దానికీ విల్ వద్దు.”

లారీ వచ్చింది, లోడయింది, డోన్ కూడా దాటిపోయింది. టైమ్ క్లాజు ముందొస్తే కామా ఎందుకు పెట్టాలో సారు ఇంకా చెబుతూనే ఉన్నారు.

ఎవరైనా విసుక్కుంటే బ్రౌన్ దొరను దించుతారు. “1820లో కడపకొచ్చిన దొర మన భాష నేర్చి, 1840లో తెలుగు వ్యాకరణమే అచ్చేయించినాడు. మీరు ఒక్క విల్ తీయలేరా?”

పిల్లల నాయనలకు గ్రామర్ రాకపోయినా టైమ్ క్లాజు మాత్రం బ్రహ్మాండంగా వస్తుంది. “బండలు అమ్ముడుపోతానే ఫీజిస్తాం సార్!” అందులో తప్పు పట్టడానికేమీ ఉండదు. ఫీజే రాదు. ఇంట్లో “అంగడి మూసేలోపల బియ్యం తెండి” అంటే, బిఫోర్‌కు మంచి ఉదాహరణ దొరికిందని బండ మీద రాసుకుంటారు. ఈలోపు అంగడి మూసేస్తారు.

నవ్వుకుంటాం గానీ, బ్యాంకు పరీక్షల్లో తప్పు కనిపెట్టమనే ప్రశ్నల్లో ఈ విల్ తరచూ పొంచి ఉంటుంది. నాపబండ ముందు కూర్చున్న పిల్లలు దాన్ని ఇట్టే పట్టేస్తారు. ఆ మాట సారు ముందు అనకండి, ఇంకో గంట పాఠం చెబుతారు.

బండల కోసం బేతంచెర్ల పోయేవాళ్లకు ఒక్క మాట. స్టేషన్లో గుంతకల్లు బండి కోసం కూర్చుని, ఫోన్లో ‘వెన్ ఐ విల్ రీచ్’ అని మాత్రం అనకండి. పక్క బెంచీ మీద సారు గనక ఉంటే ఆ బండి మీరు ఎక్కలేరు.